దయచేయండి, చాందినిగారూ

"ఓ గోపాల్రావ్ సారూ! గా కుక్కను నువ్వు తిప్పుతున్నవా, కుక్క నిన్ను తిప్పుతున్నదా?"

నారయ్య చాయ్ బండి దగ్గర నిలబడి నేనలా కేకేసేసరికి రోడ్డు మీద పోయే నలుగురూ ఆగి నవ్వారు. గోపాలరావు మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలో తాడు, తాడు చివర లడ్డు అనే తెల్ల బొచ్చుకుక్క. కుక్క ముందు, ఆయన వెనక. రొప్పుకుంటూ వచ్చి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"రోజూ గంట నడవమన్నాడండి డాక్టరు. షుగరు. ఇదేమో ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగిపోతోంది ముత్యాలుగారూ."

"గట్లయితే షుగర్ తగ్గేది స్తంభాలకే."

గోపాలరావుది భీమవరం వైపు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆదిభట్లకు కంపెనీలు వచ్చాక మా ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లయ్యాయి కదా, అందులో ఒక ప్లాటులో ఇల్లు కట్టుకుని దిగాడు. మంచివాడు. కానీ పాలవాడిని అండి అంటాడు, చెత్త బండివాడిని అండి అంటాడు, రాంగ్ నంబరు ఫోనొచ్చినా అండి అనే పెట్టేస్తాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అండి అనలేదు. ఆరో తరగతిలో బడి మానేశాను, అక్కడిదాకా ఆ పాఠం రాలేదేమో. ఎమ్మార్వో ఆఫీసులో కూడా "సారూ, నువ్వే జర సూడు" అంటాను. గౌరవం కడుపులో ఉంటే చాలదా? నోట్లోకి రావాలా?

నాకొక గుర్రం ఉంది. పేరు చాందిని. పాలనురుగు లాంటి తెల్ల గుర్రం. ఇక్కడి నుంచి బాలాపూర్ దాకా ఏ పెళ్లికొడుకు బరాత్‌కు గుర్రమెక్కాలన్నా ముందు నా ఇంటికే వచ్చేవాళ్లు. మూడు వందల మంది పెళ్లికొడుకులను మోసింది. బ్యాండు మొదలైతే చాలు, మెడ వంచి, ముందు కాళ్లు ఒకటొకటిగా ఎత్తి అడుగేసేది. పెళ్లికొడుకును వదిలేసి జనం దాన్ని చూసేవాళ్లు. అట్లాంటి గుర్రం చెవి పక్కన ఒక పెళ్లిలో ఎవడో రంగు కాగితాలు చిమ్మే గొట్టం పేల్చాడు. చాందిని రెండు కాళ్ల మీద లేచింది. పెళ్లికొడుకు నా మీద పడ్డాడు, నేను రోడ్డు మీద పడ్డాను. ఆయన పెళ్లి అయింది, నా మోకాలు పోయింది.

ఆ రోజు నుంచి చాందిని బ్యాండు వింటే వణుకుతుంది. నేను కళ్లెం పడితే నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు నిలబడిపోతుంది.

మిగతా బరాత్‌లు పోతే పోయాయి. కానీ నా బిడ్డ నర్మద ఏడేళ్ల వయసులో చాందిని వీపు మీద కూర్చొని ఒక మాట అంది: "బాపూ, పెండ్లికొడుకులే ఎందుకు ఎక్కాలె? నా పెండ్లికి నేనే ఎక్కి వస్త." సరేనన్నాను. ఆ పిల్ల ఇప్పుడు ఆదిభట్లలో విమానాల భాగాలు బిగిస్తోంది. మాఘమాసంలో పెళ్లి ఖాయమైంది. చేతిలో ఆరు నెలలు ఉన్నాయి. గుర్రం కొట్టం దాటి రావడం లేదు.

కుక్క తాడుతో రొప్పుతున్న గోపాలరావును చూశాక నాకొక ఆలోచన వచ్చింది. ఆయనకు నడక కావాలి, నా గుర్రానికి నడక కావాలి. అంతవరకూ మంచి ఆలోచనే. అక్కడితో ఆగితే నేను ముత్యాలును ఎట్లా అవుతాను?

"సారూ, కుక్కను ఇడిసిపెట్టు. నా గుర్రాన్ని తిప్పు. నాకు మోకాలు నొస్తున్నది."

"గుర్రమా! నాకు భయమండి."

"గది ఎవ్వర్నేమనది. ఒక్కటే ముచ్చట. జర అలిగింది."

"గుర్రం అలగడమేమిటండీ?"

"అలగదా మరి? మూడు వందల మంది పెండ్లికొడుకులను మోసింది. ఏడికి వోయినా దండలు, హారతులు. ఇంటికొస్తే నేను 'చల్ వే, నడువ్ వే' అంటి. ఇజ్జత్ పోయినట్టయింది దానికి. ఇగ అండి అంటెనే కాలు లేపుతది. గారూ అంటెనే మెడ తిప్పుతది. గా భాష నాకొస్తదా, మా గల్లీల ఎవనికన్న వస్తదా? నీకొక్కనికే వస్తది."

నారయ్య చటుక్కున అటు తిరిగి పొయ్యి ఊదడం మొదలుపెట్టాడు. అది గ్యాస్ పొయ్యి.

గోపాలరావు నన్ను, నారయ్య వీపును మార్చి మార్చి చూశాడు. "నిజమేనండి. ప్రాణమున్న ప్రతిదానికీ గౌరవం తెలుస్తుంది" అన్నాడు.

కొట్టం దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లడ్డును గేటుకు కట్టేసి, చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్తున్నట్టు లోపలికొచ్చాడు. నేను పొడుగాటి గడ్డిపోచ ఒకటి పట్టుకుని చాందిని వెనక పక్కగా నిలబడ్డాను.

"చాందినిగారూ," అన్నాడు ఆయన గొంతు సవరించుకుని, "కాస్త దయచేయండి."

నేను గడ్డిపోచతో దాని వెనక కాలి మీద గీశాను. ఈగ వాలిందనుకుని చాందిని చర్మం విదిలించి రెండడుగులు ముందుకేసింది.

"వచ్చారండీ!" అని అరిచాడు గోపాలరావు.

నేను గడ్డివాములో మొహం పెట్టుకుని నవ్వాను. కళ్లలోంచి నీళ్లొచ్చాయి.

ఆ మర్నాటి నుంచి పొద్దున ఆరు గంటలకల్లా గోపాలరావు మా కొట్టం ముందు ఉండేవాడు. ఏం చిత్రమో, నాలుగు రోజులకు చాందిని గేటు దాటింది. పది రోజులకు చెరువు కట్ట ఎక్కింది. నా చేయంటే దానికి పాత భయం, ఆయన చేయి కొత్తది, అందుకే వస్తోందని నేననుకున్నాను. నేను నారయ్య బండి దగ్గర బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడిని. ముందు గోపాలరావు, మధ్యలో చాందిని, వెనక లడ్డు.

"ఇటు గుంట ఉందండి, చూసుకోండి."

"ఆ గడ్డి మంచిది కాదండీ, వదిలేయండి."

"అబ్బ, ఎంత బాగా నడిచారండీ ఇవాళ!"

ఆదిభట్ల పోయే కంపెనీ బస్సుల్లో పిల్లలు కిటికీల్లోంచి ఫోన్లు పెట్టి వీడియోలు తీసేవాళ్లు. నేను కొత్తగా వచ్చిన వాళ్లను పిలిచి మరీ వినిపించేవాడిని. ఊళ్లో సగం మంది నా బల్ల మీద కూర్చొని చాయ్ తాగి నవ్వి పోయారు. మధ్యలో లడ్డు వెనకబడితే మాత్రం గోపాలరావు తిరిగి "రావే వెధవా!" అని కసిరేవాడు. అప్పుడైనా నా బుర్రకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

మూడు నెలలకు ఆయన ప్యాంటు జారడం మొదలైంది. డాక్టరు మందు సగం చేశాడట. ఆయన భార్య అరుణకుమారి గిన్నె నిండా పులిహోర తెచ్చి ఇచ్చింది. "అంతా మీ గుర్రంగారి దయండి" అంది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. చాందిని బొచ్చు మళ్లీ మెరుస్తోంది. నా గుర్రం, నా దోస్తు, ఇద్దరూ బాగుపడ్డారు, అదీ నా ఒక్క అబద్ధంతో! నా అంత తెలివైనవాడు రంగారెడ్డి జిల్లాలో లేడనుకున్నాను.

పెళ్లి దగ్గరపడింది. ఒక సాయంత్రం నర్మద చాందిని జూలు దువ్వుతూ అడిగింది.

"బాపూ, నిజం చెప్పు. వస్తదా?"

"ఎందుకు రాదు?"

"బ్యాండు కొడితే?"

బ్యాండు ముందు దాన్ని నిలబెట్టి చూసే ధైర్యం నాకు లేదు. చూసి, అది వణికితే, బిడ్డకు ఏం చెప్పాలి?

"రాకుంటె కార్ల పోదం తియ్యి బాపూ, నేనేమనుకోను" అంది. కానీ దువ్వడం ఆపలేదు.

బ్యాండు మాస్టరు సాల్మన్ రాజు దగ్గరికి పోయి, "అన్నా, జర మెల్లగ కొట్టుండ్రి, గుర్రం బెదురుతది" అని బతిమాలాను. అతను మీసాల్లో నవ్వి, "ఫికర్ జెయ్యకు ముత్యాలూ" అన్నాడు. ఆ నవ్వు కూడా నాకు అర్థం కాలేదు.

పెళ్లిరోజు పొద్దున పదిగంటలకు నర్మద పట్టుచీరలో, తలమీద ముత్యాల జాలరుతో చాందిని ఎక్కింది. చుట్టాల్లో ఒకాయన "ఆడివిల్ల గుర్రమెక్కుడేందిరా?" అన్నాడు. "ఇమానాలు జేసే పిల్లకు గుర్రమొక లెక్కనా?" అన్నాను. నా ఛాతీ అంగీలో పట్టడం లేదు. సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు అరమైలు దూరం. కళ్లెం నా చేతిలో ఉంది.

సాల్మన్ రాజు చెయ్యి ఎత్తాడు. బ్యాండు మొదలైంది.

"చల్ వే చాందినీ!" అన్నాను.

చాందిని కదల్లేదు.

"చల్ వే! నడువ్ వే!" కళ్లెం లాగాను. నాలుగు కాళ్లూ మళ్లీ నేలలో పాతుకుపోయాయి. బ్యాండు ఆగిపోయింది. మూడు వందల మంది చుట్టాలు నన్ను చూస్తున్నారు. పెళ్లికొడుకు తరఫువాళ్ల నుంచి ఫోన్ మీద ఫోన్.

"గుంజకు బాపూ" అంది నర్మద మెల్లగా. "అది భయపడ్తలేదు. సూడు."

చూశాను. నిజమే. చాందిని వణకడం లేదు. చెవులు నిక్కబొడిచి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది.

జనాన్ని తోసుకుంటూ గోపాలరావు వచ్చాడు. ఇస్త్రీ పంచె, జరీ కండువా. నా పక్కన నిలబడి, కళ్లెం మీద రెండు వేళ్లు ఆనించాడు.

"చాందినిగారూ, అమ్మాయి పెళ్లండి. దయచేయండి."

చాందిని ఒక్క అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. సాల్మన్ రాజు డప్పు మీద దెబ్బ వేశాడు, మెల్లగా కాదు, గట్టిగా. చాందిని మెడ వంచింది. ముందు కాలు ఎత్తింది. మళ్లీ ఎత్తింది. మూడు వందల మంది పెళ్లికొడుకులకు వెయ్యని అడుగులు నా బిడ్డకు వేసింది. ఆడివిల్ల గుర్రమెక్కుడేందన్న చుట్టమే అందరికంటే ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. నర్మద నవ్వుతూ ఏడుస్తోంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

ఫంక్షన్ హాలు గేటు పది అడుగుల్లో ఉందనగా గోపాలరావు కళ్లెం వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. చాందిని ఆగింది.

"సారూ, ఇడిసినవేంది? పట్టు!"

"గేటు లోపలికి తండ్రే తీసుకెళ్లాలండి. అదే అందం. మీరు పిలవండి."

"చల్ వే" అన్నాను చిన్నగా. చాందిని నన్ను కాదన్నట్టు ఆకాశం చూసింది.

గోపాలరావు కండువా సర్దుకుంటూ నిలబడ్డాడు. సాల్మన్ రాజు సరిగ్గా అప్పుడే బ్యాండు ఆపించాడు. గేటు అవతల వియ్యాలవారు హారతి పళ్లెంతో చూస్తున్నారు. పైనుంచి నర్మద వంగి, "బాపూ, అనరాదూ. నా కోసం" అంది.

యాభై ఎనిమిదేళ్లు ఎమ్మార్వోకు అనలేదు, ఎస్సైకి అనలేదు, పిల్లనిచ్చిన మామకు అనలేదు. నా గుర్రం మొహంలోకి చూసి అన్నాను.

"చాందినిగారూ... దయచేయండి."

దయచేసింది. ఈలలకు పందిరి ఎగిరిపోతుందనుకున్నాను. నారయ్యయితే నేల మీద కూర్చొని నవ్వాడు.

భోజనాల దగ్గర గోపాలరావు పక్కన కూర్చున్నాను. "సారూ, ఒక నిజం చెప్పాలె. గుర్రం అలిగిందని నేను గమ్మత్తుకు చెప్పిన. నీతోని పరాచికం ఆడిన. గది నిజంగనే గట్ల తయారైతదని నాకేం ఎరుక?"

ఆయన జేబులోంచి ఒక పొట్లం తీసి విస్తరి పక్కన పెట్టాడు. విప్పితే బెల్లం ముక్కలు.

"మొదటిరోజే చూశానండి, మీ చేతిలో గడ్డిపోచ. అప్పట్నుంచి 'దయచేయండి' అన్నప్పుడల్లా ఒక ముక్క. సాల్మన్ రాజుగారు నెల రోజుల పాటు రోజూ కట్ట అవతలి నుంచి డప్పు వాయించారు, రోజుకు కాస్త దగ్గరగా. మీరు కూర్చున్న బల్ల దగ్గరికి వినిపించదు లెండి, అక్కడ మీ నవ్వే ఎక్కువ."

నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. "మరి గింత మంచిగ తయారుజేసి, 'చల్' అంటె గూడ నడిచేటట్టు నేర్పరాదా సారూ?"

"నేర్పొచ్చండి. కానీ ముప్పై రెండేళ్లు పాఠం చెప్పినవాణ్ని కదా, ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ని చూస్తే చెయ్యి ఊరుకోదు." గోపాలరావు బెల్లం ముక్క ఒకటి తీసి నా విస్తట్లో వేశాడు. "గుర్రానికి పది రోజులు పట్టిందండి, మీకే ఆరు నెలలు పట్టింది."