వావిలాకు పరీక్ష

అహల్య వావిలాకు నూరుతోంది. నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి ఇల్లు. వంటిల్లంతా ఆకు చేదు వాసన. భర్త వామన్‌రావు వైద్య కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తాడు. వావిలాకు రసం నొప్పిని తగ్గిస్తుందని కళాశాల పెద్దల ముందు నిరూపించాలని అతని పట్టుదల. ఆకు తేవడం వరకే అతని పని. కడగడం, నూరడం, కాచి వడగట్టడం, పెరట్లో ఎలుకల బోను కడగడం అహల్యవి. రసం తాగించిన ఎలుకకు నొప్పి ఎప్పుడు తెలుస్తుందో చూడ్డానికి దాన్ని వేడి రేకు మీద నిలబెట్టినప్పుడు మాత్రం అతను ఊపిరి బిగబట్టి వంగేవాడు. "పాపం, కాలు నాకుతుంది చూడు. నొప్పి మొదలైంది" అనేవాడు.

అంత మెత్తని గొంతు అతనికుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. పోయిన ఎండాకాలం కడుపు పోయినప్పుడు, "నడుము నొస్తుందండీ" అంటే, "ఆడోళ్ళకు ఉండేదే గదా, ఫికర్ చెయ్యకు" అని పేపరు తిప్పాడు. బాలింతలకు పోసే వావిలాకు నీళ్ళు తనకూ కాచి పొయ్యమని అత్తగారిని అడిగింది. "బిడ్డ దక్కితెనే బాలింత. నీకేందికి?" అని ఆవిడ మర్నాడే రోటి దగ్గర కూర్చోబెట్టింది. ఆ నొప్పి అలాగే ఉండిపోయింది. అహల్య దాని మాటెత్తడం మానేసింది. ఏడవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

ఎలుకల తర్వాత మనిషి కావాల్సి వచ్చింది.

"గీడ కూసో" అని వామన్‌రావు ఆమె కుడిచేతికి రసం పూశాడు, ఎడమచేతిని వట్టిదే వదిలాడు. రెండూ వేడినీళ్ళలో పెట్టించాడు. "ఏది మండితే అది తీసెయ్." అబిడ్స్‌లో కొన్న గడియారం పట్టుకుని నిలబడ్డాడు. అహల్య గోడకేసి చూస్తూ, సాయంత్రానికి కూరేముందో ఆలోచించింది. చేతులు కందిపోయాయి. తీయలేదు.

చివరికి అతనే లాగేశాడు. "ఏందే, పూయని చెయ్యి గూడ మండలేదా? పొయ్యి దగ్గర మొద్దుబారినయి నీ చేతులు." అత్తగారు నవ్వింది. పొద్దుగూకేసరికి బొబ్బలు లేచాయి. ఎవరివో చేతులైనట్లు అహల్య వాటిని కాసేపు చూసింది. వాటితోనే అన్నం వార్చింది.

బొబ్బలు మానీ మానకముందే, పరీక్ష చూడడానికి తోటి ఉద్యోగి విద్యాసాగర్ వచ్చాడు. అంతకుముందే వామన్‌రావు ఆమెను వంటింట్లోకి పిలిచి చెప్పాడు. "ఈసారి ఎడమది ముందు తియ్యి. మండినా మండకున్నా సరే. సమజైందా?"

ఆమె వచ్చి కూర్చుంది. అతను రసం పూయబోయాడు.

"నొస్తుంది" అన్నది అహల్య.

"ఇంకా నీళ్ళు ముట్టనే లేదు గదా!"

"ఔ, ముట్టలే. నడుము నొస్తుంది. పోయిన ఎండకాలం నుంచి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. విద్యాసాగర్ తల దించుకున్నాడు.

"పరాయి మనిషి ముందర గీ మాటలేంది?" అన్నది అత్తగారు.

అహల్య లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుంది.

"ఏడికి?" అన్నాడు వామన్‌రావు.

"దవాఖానకు."

"మరి పరీక్ష?"

"మీకూ రెండు చేతులున్నయి గదా. పెట్టి చూడున్రి."