నలభైకీ అరవైకీ మధ్య

మాఘమాసపు ఎండ ఇంకా చురుక్కుమనలేదు. రేగడిపాలెం కళ్లాల్లో మిరపకాయలు పట్టాల మీద ఎర్రగా ఆరుతున్నాయి. కోటేశ్వరమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది నాలుగు కాయలు కలిసినా గుంటూరు యార్డులో సరుకు మొత్తానికీ పేరు చెడుతుంది. అందుకే ఆ ఊళ్లో ఆడవాళ్ల కళ్లు కంసాలి కళ్లకేమీ తీసిపోవు.

గురునాథం బండి దిగి, మడత పెట్టిన కాగితం భార్య కోటేశ్వరమ్మ ఒళ్లో పడేశాడు.

"అయిపోయిందే. మనమ్మాయికి నలభై అయిదంట. అరవై రావాలంట."

"నలభై అయిదంటే పాసేగా? ముప్పై అయిదు దాటితే పాసంటారుగా?"

"అది బళ్లో పరీక్షకి. దీనికి అరవై. బుర్ర లేందే ఎక్కణ్ణించొస్తది?"

చదువరులకు సంగతి చెప్పాలి. వీళ్ల అమ్మాయి శ్రీరమ్య ఊళ్లో హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. గుంటూరులో ఒక ధర్మసంస్థ ఉంది. పల్లెటూరి పిల్లలకు పరీక్ష పెట్టి, అరవై పర్సంటైల్ దాటినవాళ్లను ఇంటర్వ్యూకు పిలిచి, ఇంటర్ చదువుకీ హాస్టలుకీ సీట్లిస్తుంది. ఆ పరీక్ష పేపర్లు దిద్దే పని బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరుకు అప్పగించింది. రేగడిపాలేనికి దగ్గర్లో కాలేజీ లేదు. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, అదీ డ్రైవరు దయ. అందుకని గురునాథం ముందే ఒక మాట అనేశాడు. సీటొస్తే చదువు, రాకపోతే పదితో సరి.

అతను చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. కానీ మన రైతుకు ఒక పాడు అలవాటుంది. తూకం దగ్గర అరకిలోకి గొంతు చించుకుంటాడు. అదే పత్తి కొనుగోలు కేంద్రంలో బోరెంలోకి, అదే పత్తి నింపిన పెద్ద గోనెసంచిలోకి, మిషను ముల్లు గుచ్చి "తేమ పద్నాలుగు" అన్నారనుకోండి, కిక్కురుమనడు. మిషను చెప్పిందంటే అంతే అనుకుంటాడు. ఎక్కడ గుచ్చావు, ఎన్నిసార్లు గుచ్చావు అని అడగడు. అంకెను నమ్మినట్టు దేవుణ్ణి కూడా నమ్మడు! ఆ నమ్మకమే ఇప్పుడు సొంత కూతురి మీదికి వచ్చింది.

శ్రీరమ్య బడికి బయల్దేరుతూ కళ్లం దగ్గర ఆగింది. తండ్రి మాట చెవిన పడింది. ముఖం మాడిపోయింది. అయినా కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, నాకు నూటికి యాభై ఏడు మార్కులొచ్చాయని ఇక్కడే ఉందిగా. మరి ఈ నలభై అయిదెక్కడిది?"

"ఏమోనమ్మా. కంప్యూటరిచ్చింది."

"కంప్యూటరుకెక్కణ్ణించొచ్చింది?"

"ఒసేయ్, నీ ప్రశ్నలతో చంపబాక. ఎల్లు, బడికి టైమైతంది."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడుపు కంటే ముందు ఆ నలభై అయిదు ఎలా పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. కాగితం వెనక ఒక పట్టిక ఉంది. సున్నా నుంచి ఇరవై లోపు మార్కులు వచ్చినవాళ్లు అరవై మంది. ఇరవై నుంచి నలభై లోపు నూట ఇరవై. నలభై నుంచి అరవై లోపు నూట యాభై. అరవై నుంచి ఎనభై లోపు యాభై. ఆపైన ఇరవై. మొత్తం నాలుగు వందల మంది. అడుగున "ఇంటర్వ్యూకు అర్హులు: 70" అని ఉంది. దారంతా వాటినే చదువుకుంటూ నడిచింది.

లెక్కల టీచరు ఖుర్షిదా రోజూ గుంటూరు నుంచి బస్సులో వచ్చే మనిషి. శ్రీరమ్య ఇచ్చిన కాగితం రెండు వైపులా చూసింది. క్లాసులో అందరినీ కళ్లాల నుంచి తలా రెండు మిరపకాయలు తెమ్మని తరిమింది. పావుగంటలో బల్ల మీద నలభై కాయలు చేరాయి. తుమ్ములు కూడా చేరాయి.

"స్కేలు పెట్టి కొలవండి. ఎనిమిది సెంటీమీటర్ల లోపు కాయలు ఒక కుప్ప. ఎనిమిది నుంచి పది దాకా ఒకటి. పది దాటినవి ఇంకొకటి."

మొదటి కుప్పలో పది, నడిమి కుప్పలో ఇరవై, చివర పది తేలాయి. టీచరు నడిమి కుప్పలోంచి ఒక కాయ తీసింది. దాని పొడుగు తొమ్మిదిన్నర.

"నూటికి ఎన్ని కాయలు దీనికంటే పొట్టివి? దాన్నే పర్సంటైల్ అంటారు, మన పుస్తకపు మాటల్లో శతాంశం. కాయ పొడుగు నూటికి ఎంత అని కాదు, నూటికి ఎందరిని దాటింది అని. చెప్పండి."

శ్రీకృష్ణ అనే కుర్రాడు ముందు లేచాడు. "మొదటి కుప్పలో పదీ పొట్టివే మేడం. నలభైకి పదంటే నూటికి ఇరవై అయిదు."

"మరి దాని సొంత కుప్పలో దీనికంటే పొట్టి కాయ ఒక్కటీ లేదా?"

శ్రీకృష్ణ నాలుక కరుచుకున్నాడు. క్లాసంతా ఘొల్లుమంది.

"నవ్వింది చాలు. మధ్యగతం లెక్కలో ఏం చేశాం? తరగతి అంటే ఇలాంటి కుప్పే. దాని దిగువ హద్దు నుంచి ఎంత దూరం లోపలికి వచ్చామో చూసి, ఆ తరగతిలో జనాన్నీ అంత వంతు కలిపాం. ఇదీ అంతే. ఎనిమిది నుంచి పదికి రెండు సెంటీమీటర్లు. మన కాయ ఒకటిన్నర దాటింది. అంటే ముప్పావు వంతు. ఇరవైలో ముప్పావు పదిహేను. కింది కుప్ప పది. మొత్తం ఇరవై అయిదు. నలభైకి ఇరవై అయిదంటే నూటికి అరవై రెండున్నర."

శ్రీరమ్య చెయ్యెత్తింది. "మేడం, ఆ ఇరవై కాయలూ ఎడం ఎడంగా సమానంగా ఉన్నాయని మనమెట్టా అనుకున్నాం? అన్నీ తొమ్మిదిన్నర పైనే ఉంటే?"

టీచరు ముఖం విప్పారింది. అలాంటి ప్రశ్న కోసమే పదకొండేళ్లుగా ఆ దుమ్ము బస్సు ఎక్కుతోంది మరి.

"అనుకున్నాం, అంతే. కుప్పలు కట్టాక లోపల ఎవరు ఎక్కడున్నారో కనపడదు. కాబట్టి సమానంగా ఉన్నారని అనుకుని అంచనా వేస్తాం. నిజం కావాలంటే విడదీసి కొలవాలి. కొలవండి."

కొలిచారు. నడిమి కుప్పలో పొట్టివి పదిహేను కాదు, పద్నాలుగు. అసలు లెక్క అరవై. అంచనా రెండున్నర పక్కకు పోయింది. పిల్లలకు భలే సరదా వేసింది.

కానీ శ్రీరమ్య అప్పటికే నోటుబుక్కులో తన కాగితం లెక్క మొదలుపెట్టింది. నలభై లోపు నూట ఎనభై మంది. నాలుగు వందలకి నూట ఎనభై అంటే సరిగ్గా నలభై అయిదు. పెన్ను ఆగిపోయింది. శ్రీకృష్ణ చేసిన తప్పే! తన సొంత మార్కుల కుప్పలో తను దాటినవాళ్లను ఎవరూ కలపలేదు. నలభై మార్కులు వచ్చినా, యాభై తొమ్మిది వచ్చినా ఒకటే నలభై అయిదు అచ్చు గుద్దారు. తను నలభై నుంచి పదిహేడు మార్కులు లోపలికి వచ్చింది. నలభై నుంచి అరవైకి ఇరవై మార్కులు కాబట్టి, నూట యాభైలో ఇరవయ్యో వంతు ఏడున్నర. ఏడున్నర చొప్పున పదిహేడుసార్లు నూట ఇరవై ఏడున్నర. మొత్తం మూడు వందల ఏడున్నర. నూటికి దాదాపు డెబ్భై ఏడు.

"మేడం, ఇంకోటి. అరవై పర్సంటైల్ పైన అంటే నూటికి నలభై మంది ఉండాలిగా? నాలుగు వందలకి నూట అరవై మంది. వీళ్లు డెబ్భై మందినే పిలిచారు. మిగతా తొంభై మంది ఏరి?"

ఖుర్షిదా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "పద. మీ నాన్నతో మాట్లాడదాం."

సాయంత్రం కళ్లంలో గురునాథం టీచరు మాటలు విని తల అడ్డంగా ఊపాడు.

"టీచరమ్మా, మీరు పెద్దోళ్లు. కానీ వాళ్లు బ్రాడీపేటోళ్లు. కంప్యూటర్లున్నోళ్లు. పిల్ల నోటుబుక్కు పట్టుకుని మనమేమని అడుగుతాం? నవ్వుతారు."

"గురునాథం గారూ, ఒక్క మాట చెప్పండి. మీరు పది బస్తాల కాయ టిక్కీలు కట్టి యార్డులో పెట్టారు. ఒక్క టిక్కీలో తాలుంది, తొమ్మిది నికార్సైన సరుకు. కొనేవాడు తాలు టిక్కీ చూసి, పదింటికీ ఆ రేటే కట్టాడు. ఊరుకుంటారా?"

"ఊరుకోవడమా! పోయినేడు ఒకడు అట్టాగే కట్టబోతే చొక్కా పట్టుకున్నా. ప్రతి టిక్కీ విప్పి చూడరా అన్నా."

"మరి మీ పిల్ల టిక్కీ ఎవరు విప్పారు?"

గురునాథం తెల్లబోయి టీచరు వంక చూశాడు. కోటేశ్వరమ్మ చేతిలో తాలుకాయ పక్కన పడేసి లేచి నిలబడింది.

"ఏందయ్యా అట్టా చూస్తావు? కాయకున్న పాటి విలువ కడుపున పుట్టినదానికి లేదా? రేపు మొదటి బస్సుకి ఎల్లు. నువ్వెల్లకపోతే నేనెల్తా."

మర్నాడు గురునాథం, శ్రీరమ్య, ఖుర్షిదా బ్రాడీపేట కోచింగ్ సెంటరుకు వెళ్లారు. కౌంటరు దగ్గర కుర్రాడు "సిస్టం ఇచ్చిందండీ, మాకేం తెలీదు" అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి గురునాథం గొంతు పెంచాడు. మిరప చేలో అటు గట్టు నుంచి ఇటు గట్టుకి పిలిచే గొంతు అది. లోపలి గదిలోంచి ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. ధర్మసంస్థ తరఫున పరీక్షల పని చూసే లక్ష్మీకాంత్ గారు, రిటైరైన లెక్చరరు.

ఖుర్షిదా మాట్లాడబోయి ఆగి, శ్రీరమ్యను ముందుకు నెట్టింది. పిల్ల నోటుబుక్కు తెరిచింది. లెక్క చెప్పి, చివర్లో అడిగింది.

"ఇది అంచనాయేనండి. మా గుంపులో అందరూ నాకంటే పైనుంటే నేను తప్పు. కానీ మీ దగ్గర అసలు మార్కులుంటాయిగా? అవుండగా కుప్పలు కట్టి లెక్కెయ్యడమెందుకండి?"

లక్ష్మీకాంత్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అసలు జాబితా తెప్పించారు. మార్కుల వరసలో పెట్టించి స్వయంగా వేలు పెట్టి లెక్కించారు. శ్రీరమ్య కంటే తక్కువ వచ్చినవాళ్లు రెండు వందల తొంభై ఒక్కమంది. డెబ్భై రెండు ముప్పావు. జాబితా కిందికి చూస్తే, అరవై పర్సంటైల్ దాటీ పిలుపు అందనివాళ్లు ఆ పిల్ల చెప్పినట్టే తొంభై మంది ఉన్నారు.

లక్ష్మీకాంత్ గారు జాబితా పక్కన పెట్టారు.

"అమ్మా, నేను ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాను," అన్నారు ఆయన. "నూట అరవై మంది రావాల్సిన చోట డెబ్భై మందే వచ్చారు. ఈ ఏడు పల్లెటూరి పిల్లలు వీకు అనుకున్నాం గానీ, మా లెక్క వీకని ఒక్కరికీ తోచలేదు. సిగ్గుగా ఉంది. పర్సంటైల్ అనేది పిల్ల తెలివి కాదు. ఫలానా రోజున, ఫలానా గుంపులో ఎక్కడ నిలబడిందో చెప్పే గుర్తు. ఆ గుర్తు కూడా మేం తప్పు చోట పెట్టాం. సోమవారం ఇంటర్వ్యూకి రామ్మా. మిగతావాళ్లకు ఉత్తరాలు రాయిస్తాను."

శ్రీరమ్య ఊపిరి పీల్చుకుంది. ఖుర్షిదా కళ్లు తుడుచుకుంది. అక్కడితో కథ అయిపోయిందని మీరూ నేనూ అనుకుంటాం. గురునాథం మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఉత్తరం ఎప్పటికి చేరుద్దండీ? ఇయ్యాల శుక్రవారం. ఈపాటికి తొంభై ఇళ్లల్లో తొంభై మంది తండ్రులు నాలాగే అనుంటారు. ఫోన్ నంబర్లున్నాయిగా? సగం మీరు చేయండి, సగం నాకివ్వండి."

మొదటి నంబరు తుళ్లూరుది. నజీర్ అనే ఆయన ఎత్తాడు. గురునాథం తనెవరో చెప్పి, పరీక్షలో పిల్లకెంత వచ్చిందని అడిగాడు.

"నలభై అయిదండీ." అవతలి గొంతు నీరసంగా ఉంది. "చదువబ్బదులే అని నిన్ననే కుట్టుమిషను నేర్చుకోను పెట్టానండి. రెండ్రోజులుగా అన్నం తినట్లేదు పిల్ల. ఏం, మళ్లీ ఏమైంది?"

గురునాథం పక్కనే నిలబడ్డ కూతురి వంక చూడలేకపోయాడు. నిన్న పొద్దున్నుంచి ఆ పిల్లతో అనాల్సిన మాట ఒకటి నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఫోనులో ముక్కూమొహం తెలియని తండ్రికి చెబుతూ, ఆమె వినేటట్టు గట్టిగా అన్నాడు.

"లెక్క తప్పండీ. మీ పిల్ల పాసైంది, సోమారం పొద్దున్నే ఇక్కడికి తీసుకురండి. ముందు మిషను దగ్గర్నించి లేపి క్షమించమని అడగండి. నేనూ మా అమ్మాయికి బుర్ర లేదన్నానండి. అంకె ఎట్టా వచ్చిందో అది వేసినోణ్ణి అడక్కుండా, పిల్లని తిట్టా. ఆ తప్పు ఇంకే తండ్రీ చేయబాకండి."