కొమరవ్వ చావని నవల

రఘునాథపల్లిలో రామ్మోహన్ సారు ఇంటికి పొద్దున్నే పాలవాడు వచ్చిపోయాక కొమరవ్వ వచ్చేది. సారు రాసిన కాకతీయుల కాలపు నవలలో చెరువు తవ్వే మనిషి ఆమె. పుస్తకం అచ్చయిన నాటి నుంచి వచ్చి, గడప దగ్గర కూర్చుని, చాయ్ తాగి పోయేది. ఆమె కాలంలో చాయ్ లేదు కదా అని సారు నొచ్చుకునేవాడు. సారు భార్య సరోజకు మాత్రం ఇంకో గ్లాసు కడగాల్సి రావడమే బాధ.

ఆ నవలను సినిమా తీస్తానని వచ్చిన దర్శకుడు, "చరిత్రలో అక్షరం కూడా మార్చం సార్" అన్నాడు. సారు నమ్మాడు. సకల జనుల సమ్మె రోజులవి, బడి బంద్. రేగొండ దగ్గర షూటింగును అడ్డుకుంటామని తెలంగాణ ఉద్యమంలో ముందుండే లింగయ్య మనుషుల్ని పోగేస్తే, సారే చేతులు పట్టుకుని ఆపాడు.

"గిది మన చరిత్ర లింగయ్యా. లోకమంత చూడనియ్యి."

లింగయ్య ఆగిపోయాడు. షూటింగు మొదలైంది.

కొమరవ్వ మారడమూ మొదలైంది. ఒకనాడు బంగారు వడ్డాణంతో వచ్చి, వంగి గంప ఎత్తలేక ఏడ్చింది. ఇంకోనాడు ఆమె నల్లటి చేతులు పాలిపోయినట్టు తెల్లబడ్డాయి. సరోజ నూనె పెట్టి ఎంత రుద్దినా ఆ తెలుపు పోలేదు.

సారు ఫోన్ చేస్తే దర్శకుడు నవ్వాడు. "తట్ట మోసేదాన్ని ఎవరు చూస్తారండీ? రాణిని చేశాం. మీ యాస వంటవాడికి పెట్టాం, జనం పడీ పడీ నవ్వుతారు. రేపు క్లైమాక్స్. శత్రువులొస్తుంటే ఆవిడ మంటల్లో దూకుతుంది."

"నా నవలల ఆమె సావదు! ముసల్దయి చెరువు నిండుడు సూస్తది!"

"అలా అయితే ఎవరూ ఏడవరు సార్."

మర్నాడు వంటా వార్పూ. ఊరంతా హైవే మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపి, అక్కడే వండుతోంది. కొమరవ్వ కూడా వచ్చి, పట్టుచీరతోనే కత్తిపీట ముందు కూర్చుంది. సారు లింగయ్యను పక్కకు లాగాడు.

"రేగొండల మనోళ్ళకు ఫోన్ కొట్టు. షూటింగు ఆపుమను."

లింగయ్య మాట్లాడి తల దించుకున్నాడు. "అందరు పరకాల రోడ్డు మీద వంటలకాడ ఉన్నరు సార్. బండ్లన్నీ మనమే ఆపితిమి, ఎట్ల పోతరు? ఆనాడు మీరే వద్దంటిరి."

"అంటి," అన్నాడు సారు.

అన్నం ఉడుకుతుండగా కొమరవ్వ కత్తిపీట వదిలేసింది. పొయ్యికి చాలా ఎడంగా ఉంది.

"బాపూ, నా కాళ్ళు కాలుతున్నయి."

సారు బిందెడు నీళ్ళు గుమ్మరించాడు. చుయ్యిమని ఆవిరైపోయాయి. సరోజ పోసింది, లింగయ్య పోశాడు, ఎవరి చేతికి అందిన చెంబుతో వాళ్ళు పోశారు. చీర కుచ్చెళ్ళు నల్లబడి రాలుతూనే ఉన్నాయి. సారు ఆమె భుజాలు పట్టుకుని, "నేనే నిన్ను సంపుకున్న బిడ్డా" అని గుండె పగిలేలా ఏడ్చాడు.

ఆమె అతన్ని ఓదార్చబోయింది. నోరు తెరిస్తే రేగొండలో ఎవరో రాసిపెట్టిన మాటే బయటికి వచ్చింది.

"సెలవిప్పించండి ప్రభూ."

ఆ మాట తను అన్నదేనా అని ఆమే బిత్తరపోయి చూసింది. మళ్ళీ నోరు తెరవబోయేలోగా సారు చేతుల్లో మసి మిగిలింది.