దస్తగిరి దీపాలు పెట్టిన బోగీ

నేను ఒక ప్రయాణికుల బోగీని. జానెడు పొడవు, ప్లాస్టిక్ ఒళ్లు, లోపల పదహారు దీపాలు. బొమ్మనే కదా అని చులకన చేయకండి. నాకున్న పగ అసలు బండికి కూడా ఉండదు.

నన్ను చేసింది దస్తగిరి. గుంతకల్లులో ముప్ఫైనాలుగేళ్లు నిజం బోగీల దీపాలు, ఫ్యాన్లు బాగుచేసిన ఫిట్టరు. ఇంకో నెలలో ఉద్యోగం అయిపోతుందనగా రైల్వేవాళ్ల బొమ్మబళ్ల ప్రదర్శన కోసం నన్ను పట్టుకుని కూర్చున్నాడు. నా పైకప్పు బిగించేముందు లోపల సన్నటి ఎల్‌ఈడీ పట్టీ అంటించాడు. పట్టాల్లోని కరెంటు చక్రాల మీదుగా దానికి అందేలా వెంట్రుకంత తీగలు కలిపాడు. నేను వెలిగిన రోజు ఒక అట్టముక్క మీద "తయారీ: దస్తగిరి" అని రాసి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన చెయ్యిపడిన ఏ బోగీ మీదా ఆయన పేరు లేదు. ఆ ఒక్క అట్టముక్కే ఆయన కోరిక.

దాన్ని తీసి పారేసినవాడు సూపర్‌వైజర్ రంగనాయకులు. స్క్రూడ్రైవరును ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి. ప్రదర్శన మన సెక్షన్ తరఫున కదా అంటూ తన పేరు అచ్చువేయించి తెచ్చాడు. దస్తగిరి తగవు పడలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాడు.

"వెనక్కి తోలద్దు సార్, దీపాలు పోతాయి. ఒక్క పూట ఇస్తే నాలుగు డయోడ్లు ఏసి, ఎటు తోలినా ఎలిగేటట్టు సరిచేస్తా."

నిజం బోగీ ఎటు నడిచినా దీపాలు వెలుగుతాయి. ఆ అలవాటు కొద్దీ, బొమ్మబండి వెనక్కి నడిస్తే పట్టాల్లో కరెంటు తిరగబడుతుందని, నా దీపాలు ఒకవైపు కరెంటుకే వెలుగుతాయని దస్తగిరికి ఆలస్యంగా తట్టింది. రంగనాయకులు వింటేగా? అప్పటికే నన్ను చంకన పెట్టుకుని గడప దాటాడు.

ప్రదర్శనకు పెద్దాఫీసరు వచ్చాడు. తాను మూడు నెలలు తిండీ నిద్రా మాని నన్నెలా చేశాడో రంగనాయకులు కథలు కథలుగా చెప్పాడు. నాకు కడుపు మండిపోయింది. వీడి పరువు తీయకపోతే నేను బోగీనే కాదనుకున్నాను. ఆఫీసరు ముచ్చటపడి, నన్ను లాగుతున్న బొమ్మబండిని వెనక్కి కూడా నడపమన్నాడు. రంగనాయకులు మీట తిప్పాడు. నాలో చీకటి. నిజానికి ఆర్పింది తిరగబడ్డ కరెంటే గాని, ఆ ఘనత నాదేనంటాను. రంగనాయకులు చంకలో ప్రయాణం చేసినందుకు ఆ మాత్రం అబ్బదా?

నా నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. వెలగలేదు. ఆఫీసరు వైపు తిరిగాడు.

"వైరింగు మా దస్తగిరి చేసినాడు సార్."

అంతవరకు నోటికి రాని పేరు, తప్పు దగ్గర ఠక్కున వచ్చింది. నా పగ పోయి పోయి నన్ను చేసినవాడి మీదే పడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి మీరేం చేశారు?" అన్నాడు ఆఫీసరు. హాలంతా నవ్వింది. వెనక నిలబడిన దస్తగిరి వచ్చి, నన్ను ఎత్తి, ముందు వెనకలు మార్చి పట్టాల మీద పెట్టాడు. కరెంటు మళ్లీ సరైన వైపు నుంచి అంది, పదహారు దీపాలూ వెలిగాయి. ఈయన పేరు కూడా అట్ట మీద ఉండాలని ఆఫీసరు అక్కడికక్కడే చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. దస్తగిరి రిటైరై వెళ్లిపోయాడు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు నా ముందున్న కొత్త అట్టను పైకి చదువుతుంటారు: "తయారీ: రంగనాయకులు. మరమ్మతు: దస్తగిరి."