పద్మశ్రీ ఇంట్లో దిగిన సబ్జెక్టులు

నల్లా రాకముందే పద్మశ్రీ లేస్తుంది. వాకిలి ఊడ్చి, బిందెలు వరుసలో పెట్టి, ఛాయ్ మరిగించి స్టీలు గ్లాసుల్లో పోస్తుంది. మొదటి గ్లాసు అత్త వెంకటనర్సమ్మకు. తర్వాతది మొగుడు రంజిత్‌కు. అతను నాచారంలోనే ఒక వర్క్‌షాపులో లేతు మిషన్ నడుపుతాడు. ఆ తర్వాత రెండు గ్లాసులు అరుగు మీద కూర్చున్న ఇద్దరికి. వారిలో ఒకరు ఇంగ్లీషు, ఇంకొకరు గణాంకశాస్త్రం. గిన్నె అడుగున మిగిలింది తనకు.

ఆ ఇద్దరూ ఆమె బీఏలో మిగిలిపోయిన సబ్జెక్టులు. పెళ్లితో ఆగిన చదువును ఓపెన్ యూనివర్సిటీలో మళ్లీ మొదలుపెట్టిన రోజున సబ్జెక్టులన్నీ సంచులతో ఆ ఇంట్లో దిగాయి. ఆమె పాసవుతున్న కొద్దీ ఒక్కొక్కటే వెళ్లిపోయింది. మధ్యలో కూతురు సిరి పుట్టింది, మామ మంచాన పడి చనిపోయాడు, తను మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఏళ్లు గడిచినా ఈ రెండు మాత్రం కదలలేదు.

ఆ గల్లీలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఎదురింటి తారామణి కొడుకు లెక్కల సబ్జెక్టు చాలా కాలం వాళ్ల మెట్ల కింద పడుకునేది, వానొస్తే లోపలికి పిలిచేవాళ్లు. సబ్జెక్టు వెళ్లిపోయే తీరు కూడా అందరికీ తెలుసు. ఫలితాలొచ్చే రోజున తెల్లవారకముందే లేచి, తాను తాగే గ్లాసును కడిగి బోర్లించి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది. అందుకే అక్కడివాళ్లు నంబరు చూసుకునే దాకా ఆగరు, బోర్లించిన గ్లాసు చూసే మిఠాయి పంచేస్తారు.

ఆ ఏడాది మెట్రో స్తంభాలు ఉప్పల్ రోడ్డు నడుమ లేస్తున్నాయి. పద్మశ్రీకి నిద్ర పట్టడం లేదు. కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌కు మనిషి కావాలన్నారు, డిగ్రీ ఉండాలన్నారు. ఆ పని దొరికితే షిఫ్టుల బాధ ఉండదు, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. ఇప్పుడు మొదటి షిఫ్టు పడితే సిరి లేవకముందే పోతుంది, రెండో షిఫ్టు పడితే సిరి పడుకున్నాక వస్తుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఈ శీతాకాలం పరీక్ష తప్పితే ఆమె రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. అప్పుడు పాసైనవి కూడా పాస్ కానట్టే. వెళ్లిపోయిన సబ్జెక్టులన్నీ మళ్లీ సంచులు మోసుకుని వచ్చి తలుపు కొడతాయి.

"గంతమంది వస్తె ఏడ పండవెడ్తవే?" అన్నది వెంకటనర్సమ్మ. "నేనైతె ముందే ఊరికి పోత. నా జాగల ఒకలన్న పంటరు."

ఆమె ఎప్పుడూ ఆ మాటే అంటుంది. ఆలేరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన రోజునే రెండు చీరలు కట్టిన మూట తలుపు పక్కన పెట్టింది. ఈ మందుల కంపెనీల వాసనలో ఉండలేనంటుంది, ఇక్కడ తనతో మాట్లాడే దిక్కు లేదంటుంది. ఆ మూట ఇంతవరకు విప్పలేదు.

ఇంగ్లీషుతో పద్మశ్రీకి పెద్ద పేచీ లేదు, ఎప్పుడూ కొద్ది మార్కుల్లోనే తప్పుతోంది. ఇన్నేళ్లు ఆ అరుగు మీద ఉండి ఆయన బాగా మెత్తబడ్డాడు, "జర ఛాయ్ గరం చెయ్యి తల్లీ" అనడం కూడా నేర్చాడు. అవతల కంపెనీలో రోజంతా డబ్బాల మీద ఆయన అక్షరాలే చూస్తుంది. ఇబ్బంది అంతా గణాంకశాస్త్రంతోనే. ఆయన సన్నగా, పుల్లలా ఉంటాడు. వచ్చేపోయే వాళ్లను లెక్కపెడతాడు, వెంకటనర్సమ్మ దగ్గులు లెక్కపెడతాడు. పద్మశ్రీ ఎదుట కూర్చుంటే మాత్రం ఒక్క మాటా అర్థమయ్యేలా చెప్పడు. ఆయన పేపరు ఎన్నిసార్లు రాసినా తప్పింది.

ఇంగ్లీషు తప్పనిసరి. రెండోదాన్ని మాత్రం మార్చుకోవచ్చు, గణాంకశాస్త్రాన్ని పంపేసి వేరొకదాన్ని తెచ్చుకోవచ్చు. ఆ సంగతి తెలియగానే గల్లీ అంతా సలహాలకు దిగింది.

"పాలనాశాస్త్రం దీస్కో" అన్నది తారామణి. "మా చెల్లె గట్లనే పాసయింది. గైడు సదివితె చాలు, మెత్తని మనిషి."

అందరూ అదే అన్నారు. పద్మశ్రీ ఆలోచించకుండా ఒప్పుకున్నది. గణాంకశాస్త్రం మొహం చిన్నబుచ్చుకుని సంచి భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ గల్లీలోని గడపలన్నీ మరోసారి లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడే పాలనాశాస్త్రం ఆటోలో దిగాడు. సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు. నిజంగానే మెత్తని మనిషి, మాట కూడా స్పష్టం. కానీ వచ్చీ రాగానే అడిగాడు: "నా టేబులెక్కడ?"

"టేబుల్ లేదు సారు. గీ పీట ఉన్నది" అన్నాడు రంజిత్.

"పోనీ గదెక్కడ? నేను చెప్పేటప్పుడు గంటసేపు ఎవరూ మాట్లాడకూడదు. మధ్యలో లేస్తే నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాలి."

ఒకటిన్నర గదుల ఇల్లు. పద్మశ్రీ కూర్చోగానే నీళ్లొచ్చేవి, లేచేది. తిరిగి వచ్చేసరికి ఆయన మొదటి వాక్యం దగ్గర నిలబడి ఉండేవాడు. మళ్లీ కూర్చోగానే సిరి అన్నానికి ఏడ్చేది. మళ్లీ మొదటి వాక్యం. వారాలు పోయాయి, మొదటి పాఠం దాటలేదు. ఒకనాడు వెంకటనర్సమ్మ మంచినీళ్లడిగితే, "అర్జీ పెట్టుకోండి, పరిశీలిస్తాను" అన్నాడట.

"గీనెకు కడవ నేను నింపాలె, అర్జీ గూడ నేనే వెట్టాల్నా?" అని ఆమె లేచి మూట చంకన పెట్టుకున్నది. రంజిత్ గల్లీ మొగదాకా ఉరికి వెనక్కి తీసుకొచ్చాడు.

ఆ ఆదివారం పద్మశ్రీ ఉప్పల్‌లోని స్టడీ సెంటర్‌కు పోయింది. అక్కడ మురళీధర్ సారు క్లాసులు చెబుతాడు. గుంటూరు వైపు మనిషి, పరిశోధన సంస్థలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సబ్జెక్టు మార్చుకోవడానికి ఇంక ఆ వారమే మిగిలింది.

"సార్, అన్నిట్ల అల్కగ పాసయ్యేది ఏదో చెప్పుండ్రి. గదే దీస్కుంట."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది తర్వాత చూద్దాం. ముందు నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పమ్మా."

ఇదేం ప్రశ్న అనుకుంటూనే చెప్పింది. నల్లా, వంట, షిఫ్టు, బస్సు, మళ్లీ వంట.

"కూర్చునే టైము లేదన్నమాట. మరి వినే టైము?"

"కూరగాయలు కోసేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు చెవులు ఖాళీగనే ఉంటయ్ సార్. కని గప్పుడు మా అత్తమ్మ మాట్లాడ్తది. మస్తు మాట్లాడ్తది. ఊరి ముచ్చట్లు, ఎన్కటి ముచ్చట్లు."

మురళీధర్ సారు నవ్వాడు. "అయితే చరిత్రను తీసుకెళ్లు."

చరిత్ర అంటే ఆ సెంటర్లో అందరికీ హడలు. పేజీలు పేజీలు రాయాలి, రాజులు, సంవత్సరాలు, యుద్ధాలు. "సార్, గామెతోని నాతోని కాదు."

"నీతో ఎందుకు కూర్చుంటుంది? మీ అత్తగారితో కూర్చుంటుంది. నువ్వు పక్కన కూరగాయలు కోసుకో."

పాలనాశాస్త్రం బ్రీఫ్‌కేసు పట్టుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు, చరిత్ర వచ్చింది. బాగా ముసలిది, చెవులకు బరువైన గంటీలు, వెంట ఎన్ని మూటలో. సజ్జ నిండింది, మంచం కింద నిండింది, మిగిలినవి తారామణి ఇంట్లో పెట్టాల్సి వచ్చింది.

"గీమెను దెచ్చుకున్నవా! మొదలువెడితె ఆపది గీమె" అన్నది తారామణి మూటలు సర్దుతూ.

"మా అత్తమ్మ గూడ ఆపది" అన్నది పద్మశ్రీ.

చరిత్రకు టేబులు అక్కర్లేకపోయింది. వెంకటనర్సమ్మ మంచం పట్టె మీద కూర్చుని, ఆమెతో పాటు బియ్యంలో రాళ్లు ఏరుతూ మొదలుపెట్టింది. మధ్యలో ఎవరు లేచినా, ఎవరు ఏడ్చినా, ఆపిన చోటు నుంచే అందుకునేది. పద్మశ్రీ షిఫ్టులో ఉన్నప్పుడు చెప్పినదాన్ని ఆమె ఇంటికి రాగానే వెంకటనర్సమ్మ అప్పగించేది.

"ఇయ్యాల ఢిల్లీ రాజు రాజధానిని మార్చిండు పద్మా. మందినందర్ని నడిపిచ్చుకుంట తోల్కవోయిండు, మల్ల ఎన్కకు తోల్కచ్చిండు. గీ మెట్రోలోళ్లు మన రోడ్డును జేసినట్టే."

పద్మశ్రీ వంకాయలు కోస్తూ నవ్వేది. నవ్వినదేదీ మరిచిపోయేది కాదు. అరుగు మీది ఇంగ్లీషు కూడా పీట దగ్గరికి జరుపుకుని వినేవాడు.

అంతా సాఫీగా సాగుతుండగా, పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. వెంకటనర్సమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చరిత్ర వాకిలివైపు తిరిగి కూర్చుంది. చాటలో బియ్యం అట్లాగే ఉన్నాయి.

"ఏమయింది అత్తమ్మా?"

"గామెనే అడుగు. మా ఊరి గడి, గా కోటంత ఇల్లు, దొర కట్టిండట."

"నా మూటల గట్లనే ఉన్నది" అన్నది చరిత్ర అటు తిరిగే.

"కూసుండి కల్లు దాగినోడు కట్టిండా? గోడ వెట్టింది మా నాయిన. మట్టి మోసింది మా అమ్మ, నన్ను కడుపుల వెట్టుకోని. వెట్టికి పోయిన్రు. గింత బువ్వ గూడ వెట్టలే."

"నేను ఉన్నదే చెప్త."

"ఉన్నదెవలు రాసిన్రు? నువ్వు మా ఊరికొచ్చినవా ఎన్నడన్న?"

అంతే, మాటలు బందయ్యాయి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. చరిత్ర నోరు విప్పకపోతే పద్మశ్రీకి చదువు లేదు. వెంకటనర్సమ్మ మూట మళ్లీ చంకలోకి వచ్చింది. "పొద్దుగాల్ల బస్సెక్కుత" అన్నది. రంజిత్ ఇద్దరినీ బతిమాలి బతిమాలి విసిగిపోయాడు.

పద్మశ్రీ ఛాయ్ పెట్టింది. రెండు గ్లాసులు పోసి ఇద్దరి నడుమ నేల మీద పెట్టి తనూ కూలబడింది.

"అవ్వా, గీ ప్రశ్న పరీక్షల వస్తె నేనేం రాయాలె?"

"నా మూటల ఉన్నది రాయి" అన్నది చరిత్ర.

"రాయి బిడ్డా. మా నాయిన మట్టిల గలిసిండు. ఏం రాసినా మీదికెల్లి అడుగ వస్తడా" అన్నది వెంకటనర్సమ్మ.

పద్మశ్రీ గ్లాసులను ఇద్దరి వైపూ జరిపింది. "నేను రెండూ రాస్త. పుస్తకంల గిట్లున్నది, గడి గోడ వెట్టినోని బిడ్డె గిట్ల చెప్పింది అని రాస్త. మార్కులు కోస్తె కొయ్యనియ్యి."

చరిత్ర ఒక గుటక ఛాయ్ తాగింది. తర్వాత లేచి, మూటలన్నీ కదిలించి, అడుగు నుంచి ఏమీ కట్టని ఉత్త గుడ్డ ఒకటి తీసి, వెంకటనర్సమ్మ మంచం మీద పరిచింది.

"నేను మీ ఊరికి రాలే, నిజమే. చెప్పు. మీ నాయిన పేరేంది?"

వెంకటనర్సమ్మ ఇటు తిరిగింది. ఆ పేరు ఆమెను అడిగినవాళ్లు లేక ఎన్నేళ్లయిందో.

"పోశయ్య" అన్నది.

ఆ రోజు నుంచి పొద్దున చరిత్ర చెప్పేది, మధ్యాహ్నం వెంకటనర్సమ్మ చెప్పేది. ఉత్త గుడ్డ కొద్దికొద్దిగా మూటవుతూ వచ్చింది.

పరీక్ష రోజు ఇంగ్లీషు, చరిత్ర ఉప్పల్ దాకా తోడు వచ్చారు. పద్మశ్రీ చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసింది. గడి ప్రశ్న రాలేదు గానీ, నిజాం కాలం భూముల మీద ఒకటి వచ్చింది. అందులో గడి గోడను కట్టినవాళ్ల మాట కూడా రాసి బయటికి వచ్చింది.

ఫలితాల రోజు తెల్లవారుతూనే ఆమె అరుగు మీదికి పోయింది. ఇంగ్లీషు గ్లాసు కడిగి బోర్లించి ఉంది. ఆయన పీట ఖాళీ. పక్కనే చరిత్ర గ్లాసు నిలువుగానే ఉంది, దాన్నిండా వెంకటనర్సమ్మ పోసిన ఛాయ్, ఆవిరి లేస్తోంది. లోపల చరిత్ర మంచం పట్టె మీద కదలకుండా కూర్చుని ఉంది.

పద్మశ్రీ గడప మీదనే కూర్చుండిపోయింది. తారామణి మిఠాయి పళ్లెంతో సగం వాకిలి దాకా వచ్చి, గ్లాసు చూసి, పళ్లెం మీద కొంగు కప్పి వెనక్కి తిరిగింది.

"నడువు, నెట్ సెంటర్‌ల చూద్దాం" అన్నాడు రంజిత్.

"గ్లాసు చెప్పినంక ఇంకేం చూస్తం? రాత్రికల్ల అందరు సంచులేస్కోని వస్తరు. సాపలన్న పరవనియ్యి."

"జర లేవే. నాకోసం" అని బండి తీశాడు.

నాచారం చౌరస్తాలో నెట్ సెంటర్ కుర్రాడు నంబరు కొట్టి, తెర వాళ్లవైపు తిప్పాడు. ఇంగ్లీషు పాస్. చరిత్ర పాస్. రంజిత్ మళ్లీ కొట్టించాడు, మళ్లీ అదే. పద్మశ్రీ తెర మీది రెండు వరసలనూ వేలు పెట్టి చదివింది. క్వాలిటీ పని దొరికితే ఇక సిరిని రోజూ తానే బడికి తయారు చేయొచ్చు అనుకున్నది, ఆ ఒక్క ముచ్చటే దారి పొడుగునా మనసులో తిరిగింది.

ఇంటికి రాగానే లోపలికి ఉరికింది. "అవ్వా, నేను పాసైన! మరి నువ్వు పోలేదేంది?"

చరిత్ర చల్లారిన ఛాయ్ గ్లాసు అందుకుని గుటక వేసింది. "నీతోటి నా పని అయిపాయె బిడ్డా. నేను ఉన్నది నీకోసం కాదు."

అప్పుడు చూసింది పద్మశ్రీ. తలుపు పక్కన మూట లేదు. రెండు చీరలూ దండెం మీద ఆరేసి ఉన్నాయి. మంచం మీద వెంకటనర్సమ్మ సిరి పలక ఒళ్లో పెట్టుకుని, బలపాన్ని వేళ్ల నడుమ గట్టిగా పట్టుకుని ఉంది. తన చీరల మూట కట్టిన గుడ్డతో పలక తుడుస్తోంది, రాస్తోంది, మళ్లీ తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"సప్పుడు జెయ్యకు పద్మా" అన్నది. "'పో' అచ్చింది. 'శ' అస్తలేదు."

పద్మశ్రీ పొయ్యి దగ్గరికి పోయి ఛాయ్‌కి నీళ్లు పెట్టింది.