కనకవ్వ చాటింపు

డీజిల్ వాసన.

పొద్దున్నే, ఇళ్లల్లో చాయ్ మరగక ముందే, కొడిమ్యాల గుట్టల మీది నుంచి దిగి వస్తుంది. రాయిని తొలిచే కంప్రెసర్ల వాసన... కంకర మోసే టిప్పర్ల వాసన. గుట్ట కింది చెలిమెలో నీళ్ల మీద కూడా నూనె తెట్టు కట్టింది.

ఎలుగు తాగేది ఆ నీళ్లే.

పెద్దబండ కింది సొరికెలో ఈనింది ఎలుగు. పుల్లలకు పోయిన కనకవ్వ, ఎలుగు పిల్లల సన్నని కూతలు చెవులారా విన్నది. వెనక్కి వెనక్కి నడిచి వచ్చింది. భయపడింది. ఇప్పటికీ భయమే.

మొగుడు పోయాక ఊరి డప్పు ఆమే భుజానికి వేసుకుంది. క్వారీలో పేల్చే ముందు ఆమె చాటింపు వేయాలి. గుట్ట మీద మనిషన్నవాడు ఉండకూడదు — అది రూలు.

మనిషి ఉండకూడదట. ఎలుగు ఉండొచ్చట! ఏ మహానుభావుడు రాశాడో.

"పన్నెండింటికి పేలుస్తున్నం. ఎవ్వలూ గుట్ట దిక్కు రావద్దని చాటు అవ్వా," అన్నాడు క్వారీ సూపర్‌వైజర్ ప్రభుదాస్.

"పెద్దబండ కింద ఎలుగు ఈనింది కొడుకా. పిల్లలు నడిచేదాక ఆగరాదు?"

"ఎలుగు కోసం రోడ్డు పని ఆగుతదా?"

నవ్వాడు. కనకవ్వ వెనక్కి తిరిగింది.

ఊళ్లోకి వచ్చింది. గడ్డిమంట వేసి డప్పు కాచింది. కొట్టింది.

"వినుండ్రో... పన్నెండింటికి గుట్ట పేలుస్తున్నరు..."

ఎప్పుడూ చాటే మాటే. ఆ తర్వాతిది ఎప్పుడూ చాటనిది.

"అందరు గుట్టెక్కుండ్రి! బాలింత ఎలుగున్నది. దాని జోలికి పోకుండ, ఇవతలి బండ మీద కూసుందాం. మనముంటే పేల్చరు!"

ఊరు బిత్తరపోయింది. ఎవరూ కదల్లేదు.

కనకవ్వ ఒక్కతే ఎక్కింది. మోకాళ్లు పట్టేశాయి. ఆగింది, తిట్టుకుంది, మళ్లీ ఎక్కింది. బండ మీద డప్పును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక్కడ కొట్టదు — పిల్లలు బెదురుతాయి.

"దిగు అవ్వా! చాటింపు పని పోతది నీకు!" కింది నుంచి ప్రభుదాస్ అరిచాడు.

"పోనీ!"

కాసేపటికి కాళ్ల చప్పుడు. పంక్చర్ షాపు ఖుర్షీద్, చేతులకు నల్లటి మడ్డితో. అతని వెనక పుల్లలకు పోయే ఆడవాళ్లు... ఇంకెవరో... ఇంకెవరో.

పన్నెండు దాటింది. గుట్ట గుట్టలాగే ఉంది.

కింద టిప్పర్లు ఇంజన్లు ఆపకుండా కాచుకుని ఉన్నాయి. పొగ పైకి వస్తోంది.

"ఇయ్యాల ఆగింది అవ్వా," అన్నాడు ఖుర్షీద్ దగ్గుతూ. "మరి రేపు?"

"రేపు మల్ల చాటుత."