వాపు దిగకముందే

జొన్నరొట్టె కొట్టే చప్పుడూ, చెంప మీద కొట్టే చప్పుడూ పక్క గదిలోకి ఒకేలా వినిపిస్తాయి. మా ఇంట్లో ఇది అందరికీ అనుకూలమైన సంగతి. ఆ పొద్దున పిండిముద్దను పీట మీద తడుతుంటే నా మొగుడు రూపేష్ నా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నిన్న చీకటి పడేదాంక నీ లొకేషన్ మోమిన్‌పేట్‌లనే ఉన్నది. ఎవనితోని ఉన్నవ్?" అన్నాడు. "ఆశా వర్కరుతోని. ఒకామెకు నొప్పులొస్తే దవాఖానకు..." అంటుండగానే చెంప పేలింది. ముందు గదిలో పేపర్ చదువుతున్న మామగారు పేజీ తిప్పారు. ఈలోగా పెనం మీద రొట్టె మాడింది. దానికి మా అత్త వసంతమ్మతో వేరే చివాట్లు తిన్నాను.

తాండూరులో మాది బండల వ్యాపారం. చదువుకున్న కోడలని పెళ్లిలో పదిమందికీ చెప్పుకున్నారు గానీ, ఆ చదువు గడప దాటి పనిచేస్తుందని ఎవరూ అనుకోలేదు. యూనివర్సిటీలో నాది రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టు. జీతమన్నది లేకుండా ఊళ్లలో ఆరోగ్య సేవ చేసే ఆడవాళ్ల పనిని ఫోన్లు ఎలా మారుస్తున్నాయో చూడటం నా పని. "జీతం లేని పని మీద రాసేటందుకు నీకు జీతమా? మస్తున్నది" అని రూపేష్ నవ్వాడు. "వాలంటీర్లను చూసేటందుకు గంత దూరం పోవుడెందుకు? పెండ్లైనప్పటి సంది గీ ఇంట్ల నేను వాలంటీరునే. నన్ను రాసుకో బిడ్డా" అంది అత్త. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత అంట్లు తోముతుంటే, ఆమె నవ్వకుండా అన్నదని తట్టింది.

ఇప్పుడు ఆ పోస్టును ఇంకో రెండేళ్లు పొడిగిస్తామన్నారు. ఒప్పుకుంటున్నానని ఈ వారంలో నేను మెయిల్ పెట్టాలి. వద్దని నా ఫోన్‌లోంచి తనే పెడతానని రూపేష్ పట్టు. ఫోన్ పిన్ అతని పుట్టినరోజు, అతనే పెట్టాడు. అయినా పిన్ కొట్టడు. రోజూ సాయంత్రం నా గడ్డం ఒడిసి పట్టి, ఫోన్‌ను నా ముఖం ముందు పెట్టి తెరుస్తాడు. అలా తెరవడమే అతనికి ఇష్టం. నా ముఖం ఆ ఇంట్లో మేకుకు వేలాడే తాళంచెవి.

చెంప మీద పౌడర్ దట్టించుకుని మోమిన్‌పేట్ దగ్గరి ఊరికి వెళ్లాను. అక్కడి ఆశా కార్యకర్త ఇంద్రమ్మ గడప మీద కూచుని ఉంది. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, చుట్టూ నేరేడుపండు రంగు. మా ప్రాజెక్టు కోసం ఒక కంపెనీ చేసిన యాప్ ఆమె ఫోన్‌లో ఉంది. పొద్దున్నే అందులో ముఖం చూపిస్తేనే ఆ రోజు పని చేసినట్టు లెక్క.

"ముఖం సరిపోలలేదంటున్నది మేడం" అంది ఇంద్రమ్మ. తడిగుడ్డతో అద్దుకుని మళ్లీ చూపించింది. కాదంది. అప్పుడు రెండు వేళ్లతో ఆ వాచిన రెప్పలను విడదీసి, బలవంతంగా కన్ను తెరిచి ఫోన్ ముందు నిలబడింది. లోపల కన్నంతా నెత్తురు. నీళ్లు వేళ్ల మీదుగా కారుతున్నాయి. ఫోన్ మళ్లీ కాదంది.

"ఏమైందక్కా?"

"పొద్దుగాల్నే ముఖం కడుక్కొని ఫొటో దిగుతున్నవ్, ఎవనికి పంపుతున్నవ్ అన్నడు నా మొగడు ఈరయ్య. హాజరుకు అంటే ఇనలే. మెషినుకు చూపిస్తున్న అంటే ఇంకా కోపమొచ్చింది. చెంబుతోని కొట్టిండు."

ఆ ఫొటో అడిగింది మేము. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూచుని, ముఖం చూపిస్తే చాలు, చాలా సులువు అని చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంద్రమ్మ ఒంటికంటితో నన్నే చూసి, "మీకు పౌడరు జర ఒక్క దిక్కే ఎక్కువైంది మేడం" అంది. ఇంకేం అడగలేదు. "ఫికర్ చెయ్యకుండ్రి. వాపు దిగితది. దిగినంక మల్ల నేను నేనే అయిత" అని సంచీ తగిలించుకుని ఇళ్లు తిరగడానికి బయలుదేరింది.

తిరిగి వస్తుంటే బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు. మరి ఇప్పుడు ఆమె ఎవరట? వికారాబాద్ రాకముందే ఫోన్ పిన్ మార్చేశాను. అందుకు సాయంత్రం నాకు ఏం జరుగుతుందో తెలిసే మార్చాను.

అనుకున్నట్టే జరిగింది. అత్త వంటింట్లో రొట్టెలు కొడుతోంది. రూపేష్ నా గడ్డం పట్టి ఫోన్ ముందు పెట్టాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. కళ్లు తెరిచాను. ముక్కులోంచి నెత్తురు పెదవుల మీదికి వచ్చింది, పెదవి వాచింది. ఫోన్ తెరుచుకోలేదు. ఇంకోటి కొట్టాడు. మళ్లీ పెట్టాడు. అది నన్ను గుర్తుపట్టలేదు. అతను కొట్టేకొద్దీ తాళం ఇంకా బిగుసుకుపోతోంది. ఆ సంగతి నాకు అర్థమైంది, అతనికి కాలేదు. తన పుట్టినరోజు నొక్కాడు. కాదంది.

"పిన్ చెప్పు!"

చెప్పలేదు. డొక్కలో తన్నాడు. చెప్పలేదు. ముఖాన్ని చేత్తో పట్టుకోవచ్చు, నా తలలో ఉన్నదాన్ని ఎలా పట్టుకుంటాడు? నొప్పితో మెలికలు తిరుగుతూనే నాకు ఒళ్లంతా ఒక మొండి సంతోషం పాకింది.

"ముఖం మీద గాదురా, ఆదివారం నీ చెల్లె అంకిత ఇంట్ల ఫంక్షనున్నది" అంది అత్త. ఆమె చేతుల్లో రొట్టె చప్పుడు మాత్రం ఆగలేదు.

రూపేష్ ఫోన్‌ను గోడకేసి విసిరి వెళ్లిపోయాడు. అత్త వెన్న గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది. "రాసుకో బిడ్డా. రెండు దినాలు బయటికి పోకు. వాపు దిగితే అంత మామూలైతది." ఆమె ఎన్నిసార్లు ఇలా వెన్న రాసుకుని ఇంట్లో కూచుందో ఎవరు రాసుకున్నారు?

నేను వెన్న రాసుకోలేదు.

తెల్లవారాక, పగిలిన ఫోన్ అద్దం మీదే కొత్త పిన్ కొట్టాను. పోస్టుకు ఒప్పుకుంటున్నానని మెయిల్ పెట్టాను. పౌడర్ డబ్బా ముట్టలేదు. చెప్పులు వేసుకుంటుంటే మామగారు మొదటిసారి పేపర్ దించారు.

"గా ముఖంతోని యాడికి?"

"గీ ముఖంతోనే పోవాలె మామయ్యా."

రైలు స్టేషన్ దాకా నడిచాను. దారిలో దుకాణాలు తెరుస్తున్నవాళ్లంతా నన్ను చూశారు. తల వంచుకోలేదు, చూడనిచ్చాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇంద్రమ్మకు ఫోన్ చేశాను.

"అక్కా, నీ కన్ను వాపు దిగిందా?"

"ఇంక దిగలే మేడం. ఎందుకు?"

"దిగకముందే వికారాబాద్ రా. ఇద్దరం కలిసి ఠాణకు పోదాం."